మోకాలి మీద గులాబీ గీత

శనివారం ఉదయం తార్నాకలోని తన ఒంటి గదికి తాళం వేస్తూ స్టీఫెన్ ఆ రోజు పని ఖాయం చేసుకున్నాడు: సాయంత్రం నాలుగింటిలోపు గీతను చంపాలి.

అది 1998. అతను పనిచేసే యూనివర్సిటీ ఫోటో విభాగానికి కొత్తగా డిజిటల్ కెమెరా వచ్చింది. నెల తిరక్కుండానే ప్రతి ఫోటోలోనూ అడ్డంగా గులాబీ రంగు గీత పడసాగింది. "రేపు నాలుగింటికి వస్తాను. గీత పోకపోతే విభాగానికి తాళం, మీరు గోడౌనుకి," అని హెడ్ వాసంతి మేడమ్ ముందురోజే తేల్చేసింది.

ఫిల్ము రోజుల్లో ప్రింట్లు ఆరేదాకా విద్యార్థులు స్టూళ్ల మీద కూర్చుని కబుర్లు చెప్పేవారు. ఇప్పుడు ఫ్లాపీ పుచ్చుకుని గుమ్మంలోంచే పోతున్నారు. అయినా ఇక్కడ కనీసం తలుపు తెరుచుకుంటుంది. గోడౌనులో ఆ చప్పుడూ ఉండదు.

ట్యూబులైటు వల్లేమోనని స్టీఫెన్ దాన్ని ఆర్పి ఫోటో తీశాడు. గీత. లెన్సుకు మూత పెట్టి తీశాడు. నల్లటి ఫోటోలోనూ గీత! వెలుతురును పట్టే సెన్సారే చెడిందేమో అనుకున్నాడు. మనిషిని తీసి చూద్దామని, ఊడ్వడానికి వచ్చిన రాములమ్మను గోడ పక్కన నిలబెట్టాడు. కంప్యూటర్ తెర మీద గీత సరిగ్గా ఆమె మోకాలి మీద పడింది.

"ఓయమ్మో! నాకు గీడనే నొప్పి లేస్తది సార్. గీ మిషిన్‌కు ఎట్ల ఎర్కయింది?"

"దానికేం తెలీదమ్మా. అది దాని జబ్బు."

"దానిది గాదు, నాదే!" అంటూ రాములమ్మ చీపురు వదిలేసి పరుగెత్తింది, ఆ మోకాలితోనే.

అరగంటలో మాణికేశ్వర్ నగర్ నుంచి ఆమె వదిన ఉప్పలమ్మ నడుము పట్టుకుని వచ్చింది. నిలబడలేనంటే స్టూలు మీద కూర్చోబెట్టి తీశాడు. గీత నడుము మీద పడింది. ఇంకేముంది! పదకొండయ్యేసరికి వరండా నొప్పులవాళ్లతో నిండిపోయింది. ఇది కెమెరా లోపమని స్టీఫెన్ ఒక్కొక్కరికీ మొత్తుకున్నాడు.

"డాక్టర్లందరు గట్లనే దాస్తరు," అంది ఉప్పలమ్మ, టిఫిను డబ్బా విప్పుతూ. "తిన్నవా సార్?"

తనను ఆ మాట ఎవరైనా అడిగి ఎన్నాళ్లయిందో గుర్తు చేసుకోబోయి, స్టీఫెన్ మానేశాడు.

తోపులాటలో ఎవరి కాలో తగిలి కెమెరా అడాప్టరు ప్లగ్గు ఊడింది. కెమెరా బ్యాటరీ మీద నడిచింది. తర్వాతి ఫోటోలో గీత లేదు! ప్లగ్గు పెట్టాడు, గీత. పీకాడు, లేదు. సెన్సారు నిక్షేపంలా ఉంది. దొంగ అడాప్టరు!

నాలుగింటికి మేడమ్ వచ్చింది. శుభ్రమైన ఫోటో చూసి మురిసిపోయింది.

"వెరీ గుడ్ స్టీఫెన్ గారూ! బాగైపోయింది కదా, బటన్ ఇక ఎవరైనా నొక్కొచ్చు. కెమెరా నా గదిలో ఉంటుంది. సోమవారం మీరు గోడౌనుకి వెళ్లండి."

ఆదివారం చర్చి నుంచి వచ్చి స్టీఫెన్ ఎందుకో గుప్పెడు బియ్యం ఎక్కువ పోశాడు. ఆ అన్నమే రెండు పూటలా తిన్నాడు.

సోమవారం తెల్లారేసరికి జనం మేడమ్ గది ముందు బైఠాయించారు. ఆమె విసుక్కుంటూ, పీడ వదులుతుందని ఉప్పలమ్మను బ్యాటరీ మీదే ఒక ఫోటో తీసింది. గీత పడలేదు.

"నీకు చూడొస్తలేదు మేడమ్," అంది ఉప్పలమ్మ జాలిగా. "గా సార్ చెయ్యి వేరు. ఆయనను ఎటు తోలినవ్?"

మధ్యాహ్నానికి రామంతాపూర్ నుంచి ఆటోలు దిగాయి. రెండున్నరకు గోడౌనులో ఉన్న స్టీఫెన్‌కు మేడమ్ ఉత్తర్వు అందింది: ఫోటో విభాగాన్ని తక్షణం తెరిచి, అందుకు సంబంధించిన సమస్తాన్నీ స్వాధీనం చేసుకోవలెను.

స్టీఫెన్ తాళం తీసి, అన్నీ సరిచూసుకుని, రసీదు రాసి పంపాడు: "కెమెరా ఒకటి, అడాప్టరు ఒకటి, నొప్పులవారు ముప్పై నలుగురు. అన్నీ ముట్టినవి."