మూడు యూనిట్ల కాపురం

కరెంటు మీటర్లలో ఇంకా చక్రం తిరిగే రోజులవి. చక్రం అంచున ఒక ఎర్రగీత ఉండేది. వాచీల మేస్త్రి ఇంట్లో ఆ గీత ఒకసారి కనబడి వెళ్ళిందంటే, మళ్ళీ దర్శనమివ్వడానికి చాలా బెట్టు చేసేది.

పొద్దున్నే లేచి, వాచీలు విప్పేటప్పుడు పెట్టుకునే భూతద్దాన్ని కంటికి బిగించుకుని మీటరు ముందు నిలబడడం మేస్త్రి మొదటి పని. స్నానాలకు టైము చెప్పడం రెండో పని. మనిషికి ఏడు చెంబులు. బట్టలు జాడించిన నీళ్ళు గచ్చుకి, గచ్చు కడిగిన నీళ్ళు మొక్కలకి. చుట్టానికైనా మంచినీళ్ళు అరగ్లాసే. చీకటి పడితే మధ్యగదిలో ఒకే ఒక్క బల్బు. దాని కిందే భార్య కూరలు తరిగేది, కూతురు చదువుకునేది, మేస్త్రి వాచీల పొట్టలు విప్పేవాడు. ఏ పనీ లేని బావమరిది ముగ్గుర్నీ ఆటపట్టించేవాడు. మేస్త్రికి 'సెకన్ల ముల్లు' అని పేరు పెట్టింది వాడే. మిగతా మూడు గదుల బల్బులు మాత్రం కొన్నప్పటి మెరుపుతో అలాగే ఉన్నాయి.

ఆ రోజు కూడా మేస్త్రి ప్లాను మామూలుదే. ఉతుకుడు, జాడింపు, గచ్చు, మొక్కలు. నాలుగో చెంబు దగ్గర బావమరిది పాటెత్తుకున్నాడు. అంతలో భుజాన నిచ్చెనతో లైన్‌మన్ వచ్చి, మేస్త్రిని చూసి గతుక్కుమన్నాడు.

"అదేంటండీ, మనుషులున్నారే!"

"ఉండక? నేనేమైనా గోడమీద ఫోటోలా కనబడుతున్నానా?"

లైన్‌మన్ జేబులోంచి, ఆ ఊళ్ళో కరెంటూ నీళ్ళూ రెండూ చూసే ఆఫీసు కాగితం తీశాడు. వరసగా మూడు నెలలు, నెలకి అయిదు యూనిట్లు దాటని ఇల్లు ఖాళీ ఇంటి కింద లెక్కట. మేస్త్రి ఇంటికి నెలకి మూడు. ఖాళీ ఇంటికి ఫ్యూజు పీకెయ్యాలి, కుళాయికి బిరడా కొట్టెయ్యాలి.

"మూడు యూనిట్లతో బల్లి కూడా కాపురం చెయ్యదండీ," అన్నాడు లైన్‌మన్. "పీకితే మళ్ళీ పెట్టించుకోడానికి ఆరు నెలలు తిరగాలి. పదకొండింటికి ఆఫీసరుగారొస్తారు. లైట్లూ నీళ్ళూ వాడుతున్నట్టు ఆయన కంటికి కనబడితే గట్టెక్కినట్టే." నిచ్చెన గోడకానించి టీకి వెళ్ళిపోయాడు.

మేస్త్రి వేళ్ళమీద రోజులు లెక్కేశాడు. కూతురి పరీక్షలు పై వారమే.

"బావా, ఇన్నాళ్ళూ పొదుపు చేశాం. ఇవాళ బతికున్నామని చూపించాలి," అన్నాడు బావమరిది, ఒళ్ళింకా తడిగానే. "నువ్వు మీటరు దగ్గర నిలబడు. మిగతాది నాకొదిలెయ్."

"ఒరేయ్, నీకొదిలేసిన పని ఏదిరా ఒడ్డున పడింది?" అంది అక్క. అప్పటికే వాడు పక్కిళ్ళ నుంచి రెండు ఇస్త్రీపెట్టెలు, ఒక హీటరు, రెండు టేబుల్ ఫ్యాన్లు మోసుకొచ్చాడు. ఇంట్లో ఉన్న స్విచ్చులన్నీ పడ్డాయి. కుళాయిలన్నీ విప్పారు.

"మావయ్యా, ఈ గదిలో కూడా బల్బుందా!" అని చప్పట్లు కొట్టింది కూతురు.

మీటరు దగ్గర్నుంచి మేస్త్రి కేక వినబడింది. "ఒరేయ్, ఎర్రగీత కనబడ్డం లేదురా! చక్రమంతా ఎర్రగానే ఉంది!"

సరిగ్గా అప్పుడే ఇళ్ళ బ్రోకరు ఒక కొత్త జంటను వెంటబెట్టుకుని దిగాడు. ఈ ఇల్లు ఖాళీ అని ఆఫీసు గుమాస్తా నోట విని, తెల్లారకముందే వాళ్ళకి మాటిచ్చేశాడట.

"చూశారా, ఎంత వెలుతురో! నీళ్ళు చూడండి, ధార!" అన్నాడు బ్రోకరు. కొత్త పెళ్ళికూతురు మురిసిపోయింది.

"ఇది నా ఇల్లండీ!" అన్నాడు మేస్త్రి.

బావమరిదికి నాలుక ఊరుకోదు కదా. "మేమూ ఇల్లు చూడ్డానికే వచ్చామండీ. మాకూ తెగ నచ్చింది," అనేశాడు.

"ముందు మాటిచ్చింది మాకు!" అంటూ పెళ్ళికూతురు మేస్త్రి కుర్చీలోనే కూలబడింది. "అప్పుడే మీరు కొనేసినట్టు మాట్లాడతారేంటండీ? ఇల్లు మీదని చెబితే మేం జడిసి పోతామనా?"

"ఒరేయ్, నీ నోరు పడ!" అని మేస్త్రి బావమరిది మీదికి వెళ్ళేంతలో టప్‌మని ఫ్యూజు పోయింది. ఫ్యాన్లు ఆగాయి. కుళాయిలు నాలుగుసార్లు దగ్గి, అవీ ఆగాయి. ట్యాంకులో చుక్క లేదు. గుమ్మంలో ఆఫీసరు నిలబడి ఉన్నాడు.

ఆయన ఒక స్విచ్చి నొక్కాడు. ఏమీ లేదు. కుళాయి తిప్పాడు. గాలి.

"ఖాళీయే కదండీ?" అని అడిగాడు.

"ఖాళీయే సార్! రెండు పార్టీలు కొట్టుకుంటున్నారు దీనికోసం," అన్నాడు బ్రోకరు గర్వంగా.

ఆఫీసరు పెన్ను మూత తీశాడు. మేస్త్రి మీటరు వైపు వేలు చూపించాడు; చక్రం కదలడం లేదు. ఆఫీసరు మెడ తుడుచుకుంటూ, "ఎవరైనా కాస్త మంచినీళ్ళిస్తారా?" అన్నాడు.

మేస్త్రి భార్య మూతపెట్టిన కుండలోంచి ముంచి తెచ్చింది. ఆఫీసరు గ్లాసులోకి చూశాడు.

"అరగ్లాసేంటమ్మా?"

"అడిగితే ఇంకో అర ఇస్తామండీ," అంది కూతురు, నిత్యం చెప్పే పాఠంలా. "నిండా పోస్తే తాగినంత తాగి పారబోస్తారని మా నాన్న."

ఆఫీసరు మెల్లగా తాగాడు. పెన్ను మూత పెట్టాడు. "మా అమ్మ కూడా ఇలాగే పోసేది," అన్నాడు. "లాంతరు కూడా ఒక్కటే. దాని చుట్టూ మేం ఏడుగురం. ఒకడి నీడ ఇంకొకడి పుస్తకం మీద పడిందని రోజూ గొడవే." గ్లాసు చాపాడు. "ఇంకో అర పొయ్యమ్మా. ఖాళీ ఇంట్లో ఇలాంటి రూల్సుండవు."

బ్రోకరు జంటతో సహా జారుకున్నాడు. లైన్‌మన్ వచ్చి ఫ్యూజు వేశాడు.

"నేను నమ్మానండీ. నా కాగితం నమ్మదు," అన్నాడు ఆఫీసరు వెళ్తూ. "దానికి నెలకి ఆరు యూనిట్లు కావాలి. ఎలా తిప్పుతారో మీ ఇష్టం."

ఆ సాయంత్రం నుంచి మేస్త్రి మిగతా మూడు గదుల్లోనూ, వాచీ చూసుకుని, బల్బులు వెలిగించసాగాడు. వెలుగుతున్నాయి కదా అని ఒకరోజు పక్కగదిలో పనికి కూర్చున్నాడు. కత్తిపీట చప్పుడు లేదు, చదివే గొంతు లేదు, 'సెకన్ల ముల్లు' అనేవాడు లేడు. చేతికి ఒక్క మర కూడా చిక్కలేదు. నాలుగు నిమిషాల్లో సామాను చుట్టుకుని మధ్యగదికి వచ్చేశాడు.

"ఏం బావా, అక్కడ అద్దెకి ఎవరూ రాలేదా?" అన్నాడు బావమరిది. వాడి నీడ కూతురి పుస్తకం మీద పడింది. గొడవ మొదలైంది.

మనుషులెవరూ లేని మూడు గదుల్లో లైట్లు వెలుగుతున్నాయి కాబట్టి, ఆ ఇంట్లో మనుషులున్నారని ఆఫీసు నమ్మింది.