మా దీవిలో దిగని విమానానికి జేజేలు

ఆ ఆదివారం తెల్లవారేసరికి ఆకాశం సరిగ్గా పిండని దుప్పటిలా కొండకు వేలాడుతూ గాలికి టపటప కొట్టుకుంటోంది. చూడగానే నా మనసు కుదుటపడింది. విమానం దిగదు! అట్లాంటిక్ సముద్రం నడుమనున్న మా కోర్వో దీవికి ఇంతకన్నా మేలేముంటుంది?

నవ్వకండి. ఎదురుగా కనిపించే ఫ్లోరెస్ దీవి నుంచి మా దీవికి విమానంలో పదిహేను నిమిషాలట. టైంటేబుల్లో అచ్చేశారు. పదిహేను నిమిషాల్లో సీటైనా వెచ్చబడుతుందా? పక్కవాడి ఆవు ఈనిందో లేదో కనుక్కునేలోపే దిగిపొమ్మంటారు. అదీ ఒక ప్రయాణమేనా?

గాలి దయవల్ల మాకా బాధ లేదు. ఒక దూడకు సుస్తీ చేసిందని బయల్దేరిన పశువుల డాక్టరు వచ్చేసరికి ఆ దూడ తల్లయింది. నిరుడు పెళ్ళికి రావలసిన కేకు బారసాలకు అందింది. పైన పేర్లు గీకేసి తినేశాం. ఇంత పొదుపు ఏ దేశంలో ఉంది? పడవ మీద రావచ్చు కదా అంటారేమో. విమానాన్ని ఆపిన గాలి పడవను మాత్రం ముద్దుచేస్తుందా?

ఆ రోజు పవిత్రాత్మ పండుగ. ఇంటింటికీ వంతులవారీగా తిరిగే వెండి కిరీటాన్ని చర్చిలో మా మనవరాలు జసింటా తలమీద పెట్టే రోజు. మా ఆవిడ దియోలిండా ఫ్లోరెస్‌లో చెల్లెలింట ఉండి కంటిపొరలు తీయించుకుంది. ఏళ్ళ తరబడి మసకలోనే కాపురం చేసిన మనిషి. "ఈ కళ్ళతో ముందు పిల్ల నెత్తిన కిరీటం చూడాలి. నీ మొహం సంగతి తర్వాత," అని ఫోన్లో ఖరాఖండిగా చెప్పింది.

ఆమె ఎక్కిన విమానం వచ్చింది కూడా! మా ఇళ్ళ కప్పులమీద రెండు చుట్లు తిరిగింది. నేను రన్‌వే పక్కన టోపీ ఊపుతూ నిలబడ్డాను. అది తోక చూపించి ఫైయాల్ దీవికి పోయింది. పదింతలు దూరం! పదిహేను నిమిషాల టికెట్టుకు అంత విహారం ఎవరిస్తారండీ?

"పెద్దయ్యా, ఇక ఇంటికి పో," అన్నాడు బెల్మీరో. మా విమానాశ్రయంలో అగ్నిమాపకదళమంతా వాడే. "నువ్వు టోపీ ఊపినకొద్దీ గాలి పెరుగుతోంది."

సాయంత్రం ఫైయాల్ నుంచి దియోలిండా ఫోను.

"ఏమయ్యా! ఆవు బంగాళాదుంపల మడిలో పడి మేస్తుంటే టోపీ ఊపుతున్నావా?"

"కనిపించిందా?"

"ఎందుకు కనిపించదు? కప్పు మీద పెంకు కూడా లేచిపోయింది. ఆ చొక్కా ఉతికి ఎన్నాళ్ళయింది?"

చూశారా! విమానం దిగి ఉంటే ఇంత తనిఖీ జరిగేదా?

ఆమె గొంతు కాస్త తగ్గింది. "ఊరేగింపు కూడా కనిపించింది. అందరూ తెల్లగౌనుల పిల్లలే. మనది ఏదో పైనుంచి తెలియలేదు. కిరీటం బాగా నప్పిందా?"

"నేను రన్‌వే దగ్గరే ఉన్నాను కదే."

ఆమె ఫోను పెట్టేసింది.

గురువారం ఆమె దిగింది. ఫైయాల్ నుంచి ఫ్లోరెస్‌కు తిరిగొచ్చి అక్కడ ఎక్కాక సరిగ్గా పదిహేను నిమిషాలే పట్టింది. టైంటేబుల్ అబద్ధమాడలేదు! అధికారులకు నా మనవి ఒక్కటే. ఆ అంకె ముట్టుకోకండి. మా పండుగల్నే గురువారానికి మార్చేయండి.

పండుగనాటి మాంసం పులుసు ఆమె వాటా ఫ్రిజ్‌లో దాచాను. వేడిచేసి రొట్టెముక్కల మీద పోశాను. పుదీనా నల్లబడింది. కిరీటం అప్పటికే మరో ఇంటికి వెళ్ళిపోయింది. జసింటా మా ఇద్దరి మధ్యా కూర్చుంది. దియోలిండా ఆ ఖాళీ తలనే చూస్తోంది. ఆవు మాట ఎత్తలేదు. నా చొక్కా మాట ఎత్తలేదు. ముగ్గురం తలలు వంచుకుని పులుసు తిన్నాం.