మోత ఆగిన చోట విమానం

రాతలో తప్పులుంటే మన్నించండి. యాభై దాటాక అక్షరాలు దిద్దుకున్నదాన్ని. ఒత్తు ఒకచోట పెట్టబోయి ఇంకోచోట పెడతాను. ఈ కాస్త రాయటానికే నాకు నెల పట్టింది.

ఎనభై అయిదులో, పత్తికి తెల్లదోమ పట్టిన ఏడు జరిగింది ఇది. మాచర్ల బస్టాండు దగ్గర మౌలాలీకి రేడియోలు బాగుచేసే కొట్టు ఉండేది. ముందుగది కొట్టు, తెర వెనక సంసారం. ఆ పొద్దున అతని భార్య హమీదా పెందలాడే వంట ముగించి, పాత చీరలన్నీ ముందేసుకుని బొంత కుట్టటానికి కూచుంది. సాయంత్రానికి ఒక అంచన్నా పూర్తి చెయ్యాలని ఆమె ఆలోచన.

సూదిలో దారం ఎక్కిందో లేదో, వాకిట్లో జీపు ఆగింది. విమానంతో చేలకు మందు కొట్టే కంపెనీ ఆఫీసరు దేవానందం దిగాడు. వెనక ఇద్దరు మనుషులు ఒక పెట్టెను పసిబిడ్డను దించినట్టు దించారు. పెట్టె మీద జల్లెడంత ఇనప రింగు, దాని కింద ఊళ్ల పేర్లు రాసిన పళ్లెం, పళ్లెం మీద ఒక బాణం. విమానంలో ఒక చిన్న యంత్రం ఆగకుండా కూత పెడుతుందట. రింగు తిప్పుతూ ఆ కూత వింటే విమానం ఎటు ఉందో బాణం చూపిస్తుందట. ఆ ఊరి పోస్టాఫీసుకు ఫోను చేసి, గొడ్లను కట్టేసుకోండి, నీళ్లు మూత పెట్టుకోండి అని చెప్పాలి. బిగించాల్సిన మనిషికి కామెర్లు వచ్చాయి. ఇంగ్లీషు పుస్తకం ఒకటి మాత్రం వచ్చింది.

"ఈ రోజు ట్రయల్, మౌలాలీ. మంచినీళ్లే చల్లుతారు. రేపు అసలు మందు. సాయంత్రానికి ఇది సరిగ్గా పనిచేస్తే ఆపరేటర్ పోస్టుకు నీ పేరు రాస్తా. చెయ్యలేదా, పెట్టె, విమానం రెండూ వేరే జిల్లాకు పోతాయి," అన్నాడు దేవానందం.

తెర వెనక హమీదా సూది ఆగింది. పదిహేనేళ్లుగా ఊరందరి రేడియోలూ పలికించినవాడికి ఉద్యోగం అనే మాట వినపడటం అదే మొదటిసారి.

మౌలాలీ చెయ్యి తిరిగిన పనివాడు. గంటలో తీగలన్నీ కలిపాడు. రింగు తిప్పి, కూత ఎక్కడ చెవులు చిల్లులు పడేట్టు మోగిందో అక్కడ ఆపి, బాణాన్ని రింగు ముఖం చూసే వైపుకు బిగించాడు. బాణం వెల్దుర్తి చూపించింది. వెల్దుర్తికి ఫోను వెళ్లింది.

వెల్దుర్తివాళ్లు గేదెల్ని కొట్టాల్లోకి తోలి, బావుల మీద పట్టాలు కప్పి, తలుపులు వేసుకుని రెండు గంటలు చెమటలు కక్కారు. విమానం రాలేదు. అది అప్పుడు దుర్గిలో ఉంది. దుర్గిలో పెళ్లి భోజనాలు జరుగుతున్నాయి. విస్తళ్ల మీద జల్లు పడగానే అది విషమనుకుని, పప్పూ సాంబారూ పారబోసి, పెళ్లికొడుకుతో సహా అందరూ చింతపండు నీళ్లు తాగి వాంతులు చేసుకున్నారు. తర్వాత విమానం వెల్దుర్తి మీదికి పోయింది. బాణం దుర్గి చూపించింది. ఫోను దుర్గికి వెళ్లింది. వాళ్లు వాంతులు మధ్యలో ఆపి గొడ్లను కట్టేశారు. అప్పుడే తలుపులు తీసి బయటికొచ్చిన వెల్దుర్తివాళ్లు నిలువునా తడిశారు.

మూడింటికి రెండు ట్రాక్టర్లు కొట్టు ముందు ఎదురెదురుగా ఆగాయి. వెల్దుర్తి ప్రెసిడెంటు ఇన్నయ్య, తమ వంతు విమానాన్ని దుర్గివాళ్లు పలుకుబడితో మళ్లించుకున్నారని అన్నాడు. అంత పలుకుబడే ఉంటే పెళ్లినాడు మళ్లించుకుంటామా అని దుర్గి ప్రెసిడెంటు బ్రహ్మయ్య అడిగాడు. అవి మంచినీళ్లేనని దేవానందం ప్రమాణం చేస్తే, అట్లయితే ఒక గ్లాసు తాగి చూపించమన్నారు ఇద్దరూ. ఆ ఒక్క విషయంలో రెండూళ్లకీ మాట కలిసింది.

"బాణం తప్పు కాదు సార్, పైలట్‌కే దారి తెలవటం లా," అన్నాడు మౌలాలీ. హమీదా సూదిని బొంతకు గుచ్చింది. తెర తీసుకుని వచ్చింది.

"ఏందయ్యా, మోత ఎక్కువున్న కాడ విమానం ఉందని నీకెవరు చెప్పారు?"

"మోత లేని కాడ ఉంటదా? నలుగురూ నవ్వుతారు, లోపలికి పో."

"మన గూట్లో రేడియో చూడలా? దాని కొస బెజవాడ వైపు తిప్పితే నోరు మూసుకుంటది, అడ్డంగా పెడితే అరుస్తది. నువ్వు మాత్రం? మా నాయన గురించి వీధంతా మోగుతావు, ఆయన ఎదురుగా కూచుంటే నోరు పెగలదు. ఇదీ అంతే."

ఇన్నయ్య నవ్వబోయి బ్రహ్మయ్యను చూసి మానుకున్నాడు. హమీదా రింగు తిప్పింది. కూత సన్నగిల్లింది, దోమ పాటంత అయింది, ఆగిపోయింది. బాణం జోలికి పోకుండా రింగును అక్కడే ఆపింది. ఒక కొస దుర్గి దారి చూపించింది, రెండో కొస అడవి.

"అడవికి మందెవరు కొడతారన్నా? దుర్గి దారినే వస్తంది, చూస్కోండి," అంది బ్రహ్మయ్యతో.

అందరూ రోడ్డు మీదికి వచ్చి అటే చూశారు. చానాసేపు ఏమీ లేదు. దేవానందం పుస్తకం మూసి జీపు వైపు నడిచాడు. అప్పుడు దుర్గి రోడ్డు చింతచెట్ల మీద నల్లటి చుక్క ఒకటి లేచి, రెక్కలు తొడుక్కుని, అందరి తలల మీదుగా వెళ్లింది. రెండూళ్లవాళ్లూ మెడలు వెనక్కి విరిచి చూశారు. ఒక్క మౌలాలీ మాత్రం విమానాన్ని చూడలేదు, పెళ్లాన్ని చూశాడు. పెళ్లినాడు కూడా అతను ఆమెను అట్లా చూసి ఉండడు.

దేవానందం కాగితం తీసి పేరు చెప్పమన్నాడు. ఎదురుగా ఇద్దరు ప్రెసిడెంట్లున్నారు. ఉద్యోగం కలం మొన మీద ఉంది. మౌలాలీ తల గోక్కున్నాడు.

"హమీదా అని రాయండి సార్. నేను బిగించింది మీరు చూశారుగా."

పదిరోజులకు పై ఆఫీసు నుంచి ఆర్డరు వచ్చింది. ఆడమనిషి పేరేమిటి, రాతలో పొరపాటయి ఉంటుందని టైపు చేసినాయన దిద్దాడు కాబోలు, శ్రీ హమీద్ అని ఉంది. దేవానందం దాన్ని అట్లాగే ఫైల్లో పెట్టాడు. ఆ హమీద్ మూడు పంటల పాటు చీర కట్టుకునే డ్యూటీకి వచ్చాడు.

టి. సరస్వతమ్మ, డెబ్బై ఒక్క ఏళ్లు, ఇప్పుడు ఉండేది సత్తెనపల్లి.