ఎల్డన్ ఏరుకొచ్చిన ఏడో సంచి

నవంబరు శనివారం ఉదయం, ఆకులు ఎత్తుకెళ్ళే మునిసిపాలిటీ లారీ వీధిలోకి రాకముందే ఎల్డన్ లేచాడు. ఊరంతా రాలిన ఆకుల్ని వదిలించుకోవాలని చూస్తుంటే, వాటికోసం లారీతో పోటీపడే మనిషి ఆయనొక్కడే. ఇరుగుపొరుగువాళ్ళు ఆకులు ఊడ్చి కాగితం సంచుల్లో నింపి రోడ్డు పక్కన పెడితే, తన ట్రక్కులో వేసుకొచ్చి పెరట్లో కంపోస్టు కుప్పకు మేత పెట్టడం ఆయనకు ఏటా ఉన్నదే. ఆ రోజు ఏడు సంచులు దొరికాయి. కాఫీ తాగొచ్చి, గడ్డి కోసే యంత్రంతో ఆకులన్నీ పొడి చేద్దామనుకున్నాడు.

కాఫీ సగంలో ఉండగా ఎదురింటి బెర్నిస్ వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"ఎల్డన్, మా అమ్మ నాటిన డాలియా పూల దుంపలు పోయాయి. చలికి పాడవకుండా కింద గదిలో దాచుదామని తవ్వి, ఎండుటాకులేసి సంచిలో సర్దాను. ఫోను మోగితే లోపలికెళ్ళా. వచ్చేసరికి సంచి లేదు."

"ఎక్కడ పెట్టారు?"

"పోస్టు డబ్బా పక్కన, పూలమడి దగ్గర. లారీవాడే ఎత్తుకుపోయుంటాడు. అమ్మ పోయి ముప్పై ఏళ్ళయినా ఆ పూలు పూస్తూనే ఉన్నాయి. తీసినవాడు దొరికితే దుంపలు తవ్విన ఆ గుంటలోనే పాతేస్తాను."

పోస్టు డబ్బా పక్కనుంచి తెచ్చింది ఏడో సంచి. ఎల్డన్ నిజం చెబుదామని నోరు తెరిచి, గుంట గుర్తొచ్చి మూసేశాడు. ఆవిడ వెళ్ళగానే సంచి తీసుకెళ్ళి గుమ్మంలో పెట్టేద్దామనుకున్నాడు గానీ, ఆవిడ వెళ్ళలేదు.

"ఆకుల సంగతి నీకంటే ఎవరికి తెలుసు? పద, లారీవాళ్ళు ఆకులు పోసే ఊరి బయటి పోగులో వెతుకుదాం."

పైన నిద్రపోతున్న భార్య మార్సీకి చెప్పే వ్యవధి కూడా ఇవ్వలేదు.

ఊరందరి ఆకులూ అక్కడ కొండలా ఉన్నాయి. ఎల్డన్, బెర్నిస్, లారీ డ్రైవరు రస్ రెండు గంటలు తవ్వారు. లేదని తెలిసిన చోట వెతకడం ఎంత కష్టమో ఎల్డన్‌కు అప్పుడే తెలిసింది. ఇంతలో రస్ పైఅధికారి వచ్చి సంగతి విన్నాడు.

"ఎత్తేముందు చూసుకోవా, రస్? సోమవారం నుంచి రావద్దు."

రస్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఎల్డన్ ఇక ఆగలేకపోయాడు.

"ఆయన్నేం అనకండి. సంచి మా పెరట్లో ఉంది."

బెర్నిస్ పార ఆగిపోయింది. "నీకెప్పుడు తెలిసింది?"

"కాఫీ తాగేటప్పుడు."

"మరి నాచేత రెండు గంటలు ఎందుకు తవ్వించావు?"

"పాతేస్తానన్నారుగా."

ఇద్దరూ ట్రక్కులో వెనక్కి బయల్దేరారు. ఇల్లు దగ్గరయ్యేసరికి పెరట్లోంచి గడ్డి యంత్రం మోత వినిపించింది. ఎల్డన్ పరిగెత్తి చూస్తే ఏడు సంచులూ ఖాళీ. పొడి చేసిన ఆకుల మధ్య మార్సీ నవ్వుతూ నిలబడింది.

"నీ పని నేనే చేసిపెట్టా. ఒక్క ఆకు మిగల్లేదు చూడు."

బెర్నిస్ మెట్టు మీద కూలబడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అందులో దుంపలుండాలి, మార్సీ," అన్నాడు ఎల్డన్.

"చిలగడదుంపలేగా? సంచులు బోర్లిస్తుంటే కుప్ప మీద కనిపించాయి. కంపోస్టులో ఏదో ఒకటి మొలుస్తూనే ఉంటుంది కదా. మనకిన్ని ఎందుకని, కడిగి బెర్నిస్ గారి గుమ్మంలో పెట్టొచ్చా."

ముగ్గురూ రోడ్డు దాటి పరిగెత్తారు. గుమ్మంలో బుట్ట నిండా దుంపలు, ఒక్కదానికీ గాటు పడలేదు. పైన చీటీ: "మా పెరటి పంట. వెన్న రాసి కాల్చుకుంటే బాగుంటాయి."

బెర్నిస్ బుట్టను గుండెకు హత్తుకుని, ఏడుస్తూనే నవ్వింది. ఎల్డన్ అక్కడినుంచే రస్ వాళ్ళ పైఅధికారికి ఫోను చేశాడు. తప్పు ఎవరిదో రెండుసార్లు విడమరిచి చెప్పాక గానీ రస్ ఉద్యోగం నిలవలేదు.

మరుసటేడు నుంచి బెర్నిస్ ఇంటిముందు రెండు రకాల సంచులు కనిపిస్తున్నాయి: ఏమీ రాయనివి, "ఎల్డన్, ఇవి ఆకులు కావు" అని రాసినవి.