కుర్చీలో మామగారి పెట్టె

ఆ రోజు పొద్దున పళ్ళ డాక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య వాళ్ళ నాన్నగారిని చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంది. వాళ్ళు వీధి మలుపు తిరగగానే తను హాల్లో ఉన్న మామగారి యాంప్లిఫైయర్ మూత తీసి, ముందు వరసలోని నాలుగు పాత వాల్వులు పీకేసి, కొత్తవి నాలుగు పెట్టేస్తాడు. తర్వాత చేతులు కడుక్కుని మెట్లు దిగి, కింద క్లినిక్ తెరుస్తాడు. రోజూ పళ్ళు పీకే చేతులకు నాలుగు గాజు బుడ్లు ఒక లెక్కా అనుకున్నాడు.

మామగారు సినిమా హాల్లో ఆపరేటరుగా పనిచేసి రిటైరైన మనిషి. హాలు మూసేసిన రోజున అందరూ కుర్చీలూ ఫ్యాన్లూ పట్టుకుపోతుంటే, ఆయన మాత్రం పాత సౌండు సామాను అడిగి తెచ్చుకుని, తన చేత్తో ఆ యాంప్లిఫైయర్ కట్టుకున్నారు. అది ఇనప్పెట్టెంత బరువు. స్విచ్ వేస్తే వెంటనే పలకదు. వాల్వుల్లో ఎర్రటి వెలుగు మెల్లగా రాజుకున్నాకే గొంతు విప్పుతుంది. రోజూ సాయంత్రం మామా అల్లుళ్ళిద్దరూ దాని ముందు కూర్చుని పాత రికార్డులు వినేవారు. ఇద్దరూ మాటకు పొదుపే. "ఆ వయొలిన్ విన్నావా?" అని ఆయనా, "విన్నాను మామయ్యా" అని ఇతనూ. వాళ్ళ మధ్య రోజంతా జరిగే సంభాషణ అంతే. అయినా ఆ రెండు మాటల కోసం ఇద్దరూ పొద్దుటి నుంచీ ఎదురు చూసేవారు.

కొన్నాళ్ళుగా ఆ రెండు మాటలూ లేవు. పాట గోడ అవతల నుంచి వస్తున్నట్టు మసగ్గా వినిపించడం మొదలైంది. వెనకాల తుమ్మెద దూరినట్టు ఒకటే రొద.

"నా చెవులు అయిపోయాయి," అని మామగారు తేల్చేశారు.

"నాకూ అలాగే వినిపిస్తోంది మామయ్యా. ఓసారి వాల్వులు మార్చి చూద్దామా?"

"నన్ను బుజ్జగించకు అల్లుడూ. అది నేను కట్టిన పెట్టె. దానికి రోగం రాదు. నేనుండగా దాని మూత ఎవరూ తియ్యక్కర్లేదు."

పెట్టె మీద దుప్పటి కప్పేశారు. సాయంత్రం కాగానే ఇంత తిని పడుకోవడం మొదలుపెట్టారు. కూతురు పోరగా పోరగా చెవుల డాక్టరు దగ్గరికి రావడానికి ఒప్పుకున్నారు గానీ, ముందు రోజే ఇంకో పని కూడా చేశారు. సాయంత్రం వచ్చి పెట్టె పట్టుకుపొమ్మని పాత సామాన్లు కొనేవాడికి కబురు పెట్టారు. అందుకే పళ్ళ డాక్టరుకు ఈ తొందర. పెట్టె బాగుపడితే ఈ సాయంత్రంలోపే బాగుపడాలి.

పెట్టె మూత మీద మామగారు ఎర్ర రంగుతో రాసిన హెచ్చరిక ఉంది: "ప్లగ్గు తీసినా కరుస్తుంది. ఒక రాత్రి ఆగు." లోపల నిలిచి ఉండే కరెంటుకు భయపడి డాక్టరు ఆ మాట పాటించి, రాత్రే దొంగలా వచ్చి ప్లగ్గు తీసి ఉంచాడు. మొదటి మూడు వాల్వులూ పాలపళ్ళలా ఊడి వచ్చాయి. నాలుగోది కదల్లేదు. అటూ ఇటూ ఊపి చూశాడు. అది ఎముకలో ఇరుక్కున్న జ్ఞానదంతంలా భీష్మించుకు కూర్చుంది. ఇలాంటప్పుడు బలం పనికిరాదని అతని వృత్తి అతనికి నేర్పింది. మంచి లైటు కావాలి, సరైన ఎత్తు కావాలి, సరైన పనిముట్టు కావాలి. మూడూ కిందే ఉన్నాయి.

రొప్పుకుంటూ పెట్టెను మెట్ల మీదుగా దింపి, పేషెంట్ల కుర్చీలో కూర్చోబెట్టాడు. జారిపోకుండా కింద దిండు పెట్టాడు. దుమ్ము పడకుండా పైన ఆకుపచ్చ గుడ్డ కప్పి, పని చేసేచోట మాత్రం తెరిచి ఉంచాడు. తలపైన పెద్ద లైటు వేశాడు.

రిసెప్షన్ అమ్మాయి వచ్చేసరికి ఇదీ దృశ్యం. ఆమె ఈ మధ్యనే చేరింది. చేరిన రోజు డాక్టరు ఆమెకు రెండు సూత్రాలు చెప్పాడు. ట్రేలో ఏది కనబడినా రుద్ది కడిగి, ఆవిరి మిషన్లో పెట్టాలి. లోపలి పేషెంటు సంగతి బయట ఎవరికీ చెప్పకూడదు. రెండింటినీ ఆమె ప్రాణంగా పాటిస్తోంది.

"సార్, వీరికి కార్డు రాయమంటారా?" అంది కుర్చీ వైపు చూసి.

"వద్దమ్మా. మా మామగారిది. ఆయనకి తెలియకుండా అయిపోవాలి. ఎవర్నీ లోపలికి పంపకు."

సన్నటి పనిముట్టు దూర్చి మెల్లగా ఎత్తితే, నాలుగో వాల్వు 'టక్'మని వచ్చేసింది. డాక్టరు దాన్ని ట్రేలో మిగతా మూడింటి పక్కన పెట్టి, నోట్లో చూసే చిన్న అద్దంతో ఆ కన్నంలోకి చూసి నివ్వెరపోయాడు. లోపలంతా నల్లగా, పచ్చగా పేరుకుపోయి ఉంది. మిగతా మూడు కన్నాలూ అంతే. ఏళ్ళ తరబడి బ్రష్షు మొహం చూడని నోరులా ఉంది.

"గార!" అన్నాడు పైకే. "ఇంత గారతో ఎలా ఉన్నారండీ?"

పంటి గార కనబడ్డాక ఊరుకోవడం అతని వల్ల కాదు. కొత్త వాల్వుల మాట పక్కన పెట్టి గోకడం మొదలుపెట్టాడు. చేతులు పనిలో పడగానే నోరు కూడా అలవాటుగా పనిలో పడింది. "కాస్త ఓర్చుకోండి. నొప్పుంటే చెయ్యెత్తండి."

అదే సమయానికి వాపెక్కిన బుగ్గ పట్టుకుని బ్యాంకు మేనేజరు వచ్చాడు. పళ్ళ డాక్టరంటే ఆయనకు చిన్నప్పటి నుంచీ హడలు. ఈ రోజు రావడానికే ఎంతో ధైర్యం కూడగట్టుకున్నాడు. మిగిలిన ధైర్యం తలుపు సందులోంచి చూడగానే పోయింది. కుర్చీలో ఆకుపచ్చ గుడ్డ కింద పొట్టిగా, వెడల్పుగా ఒక ఆకారం. తల బయటికి లేదు. కాళ్ళు వేలాడటం లేదు. నొప్పుంటే చెయ్యెత్తమని డాక్టరు అంటున్నా చెయ్యి లేవలేదు.

"లోపల ఎవరమ్మా?" అన్నాడు మేనేజరు.

"చెప్పకూడదండీ."

"ఏ పన్ను?"

"పన్ను కాదండీ."

"మరి ఏం తీస్తున్నారు?"

"చెప్పకూడదండీ. డాక్టరుగారి మామగారి విషయం. ఆయనకే తెలియకూడదన్నారు."

మేనేజరు బుగ్గ మీది చెయ్యి గుండె మీదికి మారింది. పక్కనున్న మందుల షాపులోకి ఒక్క పరుగు తీశాడు. షాపాయన అంతా విని, ఇక నిజమా కాదా అని చూడకుండా అంబులెన్సుకు ఫోన్ చేశాడు. మేనేజరు తన వంతుగా డాక్టరు భార్యకు ఫోన్ చేశాడు. తమ బ్యాంకు ఖాతాదారుకు కష్టం వస్తే ఆ మాత్రం చెయ్యకపోతే ఎలా అనుకున్నాడు.

ఆవిడ అప్పుడు చెవుల డాక్టరు గదిలో ఉంది. ఎదురుగా వాళ్ళ నాన్నగారు తల ఒక పక్కకు వాల్చి, గోరువెచ్చటి నీళ్ళతో చెవి కడిగించుకుంటున్నారు.

"అమ్మా, మీరు ధైర్యంగా ఉండాలి," అన్నాడు మేనేజరు. "మీ నాన్నగారు కుర్చీలో కదలకుండా ఉన్నారు."

"అవునండీ. కదలొద్దని చెప్పారు."

"మీకు ముందే తెలుసా?"

"తెలియకేం, దగ్గరుండి చేయిస్తున్నాను. మీకెవరు చెప్పారండీ?"

"నేనే కళ్ళారా చూశాను. తలుపు సందులోంచి."

ఆవిడ తిరిగి తలుపు వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు.

"నొప్పుంటే చెయ్యెత్తమంటే ఎత్తలేదమ్మా ఆయన!"

"నొప్పి లేదేమోనండీ."

"లోపలిదంతా గోకేస్తున్నారమ్మా!"

"తీస్తేనే మంచిదట. ఎన్నాళ్ళుగా పేరుకుపోయిందో!"

ఇంత గుండె నిబ్బరం ఉన్న మనిషిని మేనేజరు తన సర్వీసులో చూడలేదు. "ఎంతైనా సొంత అల్లుడు ఇలా చేస్తాడని..." అన్నాడు.

"అల్లుడా? మావారా? మావారు ఇంటి దగ్గర ఉన్నారండీ."

"ఇంటి దగ్గరే అమ్మా! కింద! కుర్చీలో!"

ఆవిడకు అర్థమైంది ఒక్కటే, ఇంట్లో ఏదో ముంచుకొచ్చింది. రెండో చెవి కడగడం పూర్తికాగానే తండ్రి చెయ్యి పట్టుకుని టాక్సీ ఎక్కేసింది.

ఇక్కడ క్లినిక్‌లో రిసెప్షన్ అమ్మాయి మొదటి సూత్రం పాటిస్తోంది. ట్రేలో నాలుగు గాజు వస్తువులు, వాటి కింది లోహపు కాళ్ళు నల్లగా. వాటిని తీసుకెళ్ళి, పళ్ళు తోమే పిండితో కాళ్ళు తళతళలాడే దాకా రుద్ది, ఆవిరి మిషన్లో పెట్టి, ఆరబెట్టింది. పక్కనే ఉన్న అట్టపెట్టెలో ఇంకో నాలుగు కనబడ్డాయి. అవి ఎలాగూ శుభ్రంగానే ఉన్నాయి కనుక, కొత్త కట్టుడు పళ్ళు దాచే సొరుగులో భద్రంగా పెట్టేసింది. మెరిసిపోతున్న నాలుగింటినీ తెచ్చి డాక్టరు చేతి పక్కన ఉంచింది.

గార తియ్యడం అప్పుడే అయింది. బయట సైరన్ వినిపిస్తోంది. ఎవరికో ప్రాణం మీదికి వచ్చినట్టుంది, తొందరగా ముగించి చూద్దాం అనుకుంటూ డాక్టరు ట్రే వైపు చూశాడు. మెరుస్తున్న కాళ్ళు. 'కొత్తది కొత్తదే,' అనుకుని నాలుగూ దిగ్గొట్టి మూత బిగించాడు. గుడ్డ పూర్తిగా కప్పాడు.

తలుపు తోసుకుని స్ట్రెచరుతో ఇద్దరూ, వాళ్ళ వెనక మందుల షాపాయన, ఆయన వెనక మేనేజరు, ఆ వెనక వీధిలో సగం మందీ లోపలికి వచ్చారు.

"జరగండి డాక్టరుగారూ!" అని మందుల షాపాయన గుడ్డ లాగేశాడు.

అందరూ పెట్టెను చూశారు. పెట్టె మూత మీది ఎర్ర అక్షరాలను చూశారు. ఒకరిద్దరు వెనక్కి జరిగారు.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో మామగారు ప్రత్యక్షమయ్యారు. ఆయన్ని చూసి మేనేజరు కెవ్వున అరిచాడు.

"అంత గట్టిగా అరవకయ్యా," అన్నారు మామగారు చెవి రుద్దుకుంటూ. "వినిపిస్తోంది."

అంతలో ఆయన చూపు కుర్చీ మీద పడింది. తన పెట్టె. కింద దిండు. తల మీద లైటు.

"మూత ఎవరు తీశారు?"

"నేనే మామయ్యా."

"తియ్యొద్దన్నానా?"

"అన్నారు." డాక్టరు చేతి తొడుగులు విప్పి, ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ తొడుక్కున్నాడు. "సాయంత్రం పూట నాకేం తోచడం లేదు మామయ్యా. మీరు తిని పడుకుంటున్నారు. ఆ పెట్టె ముందు ఒక్కణ్ణే కూర్చోలేకపోతున్నాను."

మామగారు మూత మీద వేలితో ఓసారి రాసి, వేలు చూసుకున్నారు. తర్వాత స్ట్రెచరు మోసేవాళ్ళ వైపు తిరిగారు. "ఎలాగూ వచ్చారుగా బాబూ. పేషెంటుని పైకి చేర్చండి. మెట్ల దగ్గర జాగ్రత్త, తల ఈ వైపుంది."

అలా ఆ యాంప్లిఫైయర్ స్ట్రెచరు మీద పడుకుని మేడ ఎక్కింది. ఎందుకైనా మంచిదని మందుల షాపాయన ఒక చెయ్యి వేశాడు.

మామగారే ప్లగ్గు పెట్టి, రికార్డు వేశారు. కాసేపు నిశ్శబ్దం. వాల్వులు ఒక్కొక్కటే ఎర్రబడ్డాయి. తుమ్మెద లేదు. గోడ లేదు. పాట వచ్చి గది మధ్యలో నిలబడింది. దాని వెనక నుంచి, సన్నగా, ఎవరో తలుపు తీసుకుని వచ్చినట్టు వయొలిన్ వచ్చింది. పెట్టె పట్టుకుపోవడానికి సాయంత్రం దాకా ఆగకుండా గోనెసంచితో వచ్చేసిన పాత సామాన్ల అతను గుమ్మంలోనే ఆగిపోయాడు. అతన్ని ఎవరూ వెళ్ళమనలేదు. కూర్చోమన్నారు.

"విన్నావా?" అన్నారు మామగారు.

"విన్నాను మామయ్యా."

"చెవిలో గుబిలి తీయించాను. గిన్నెడు వచ్చింది. చూశావా, పెట్టెకేం కాలేదన్నాను."

"నేను కొత్త వాల్వులు పెట్టాను మామయ్యా. వాటి మహిమ."

"నా చెవులు."

"నా వాల్వులు."

"నా చెవులు ఎవరూ కడగలేదు," అంది భార్య మధ్యలో. "నాకూ బాగానే వినిపిస్తోంది."

డాక్టరు గెలిచినట్టు నవ్వబోతుండగా రిసెప్షన్ అమ్మాయి చేతిలో అట్టపెట్టెతో పైకి వచ్చింది.

"సార్, ఈ కొత్తవి సొరుగులోనే ఉంచమంటారా? మీరు నేను కడిగిచ్చిన పాతవే పెట్టేసుకున్నారు కదా."

డాక్టరు అట్టపెట్టె తెరిచి చూశాడు. నాలుగూ దూదిలో హాయిగా నిద్రపోతున్నాయి. మామగారు ముందు పెట్టెను చూశారు, తర్వాత అల్లుణ్ణి చూశారు. ఎన్నాళ్ళకో పళ్ళన్నీ కనబడేలా నవ్వారు.

"నా పెట్టెకి పళ్ళు తోమావన్నమాట!" అని వెనక్కి వాలి, కళ్ళు మూసుకున్నారు. "ఆర్నెల్లకోసారి రమ్మంటావుగా అందర్నీ. దీన్నీ తీసుకొస్తాలే."

పాట అయిపోయాక డాక్టరుకు మేనేజరు గుర్తొచ్చి కిందికి దిగాడు. కుర్చీ ఖాళీగా ఉంది, లైటు వెలుగుతూనే ఉంది. "రండి, మీ పన్ను చూద్దాం," అన్నాడు. మేనేజరు ఆ కుర్చీనీ, అందులోని దిండునీ, మడిచిన ఆకుపచ్చ గుడ్డనీ చూసి, నొప్పి పూర్తిగా తగ్గిపోయిందని చెప్పి బుగ్గ పట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ రోజు మొత్తానికి శుభ్రపడనిది ఆ పన్ను ఒక్కటే.