భానుమూర్తి గారికి పది ఛాన్సులు

దిల్‌సుఖ్‌నగర్‌లోని మేరుశిఖరం కోచింగ్ సెంటర్‌లో రహస్యాలకున్నంత కాపలా ఖజానాలకు కూడా ఉండదు. హాల్ టికెట్లు ఇచ్చే ప్రోగ్రాము పాస్‌వర్డ్‌ను ఎవరూ కాగితం మీద రాయకూడదని రూలు. (ఆ రూలును మాత్రం కాగితం మీద రాసి, లామినేషన్ చేయించి గోడకు అంటించారు.) మూడుసార్లు తప్పు కొడితే తాళం పడుతుంది. తీయాలంటే మాస్టర్ పాస్‌వర్డ్ కావాలి. అది తెలిసినవాడు ప్రోగ్రాము రాసిన అభిరామ్ ఒక్కడే. అతను పోయిన నెలే ఉద్యోగం మానేసి, ఫోన్ నంబరు మార్చేశాడు.

ఆ రోజు ఒంటిగంటకు కౌంటర్లో గుమాస్తా భానుమూర్తి గారు తన పాస్‌వర్డ్ మరిచిపోయారు. ఎందుకో ఆయనకు మాత్రం ఆ కంప్యూటరు మూడుతో ఆపదు. పదిసార్లు కొట్టనిచ్చి, అప్పుడు తాళం వేసింది.

కిటికీ అవతల అల్మాస్‌గూడ లచ్చమ్మ, పక్కన కూతురు జ్యోతిక. రెండు గంటలకు ఎల్బీనగర్‌లో ఉచిత సీటు పరీక్ష. హాల్ టికెట్ లేనిదే గేటు దాటనివ్వరు.

"ఏంది సారూ, పిల్ల పేరు గా డబ్బల ఉన్నదంటివి గద?"

"ఉందమ్మా. లోపల భద్రంగా ఉంది."

"గంత భద్రం మాకెందుకు? జర బయటికి తియ్యి."

భద్రతాధికారి వెంకటేశ్వరరావు గారు గంభీరంగా తల ఊపారు. "కంపైల్ చేసిన ప్రోగ్రామండీ అది. యంత్రభాష. మానవమాత్రుడు చదవలేడు." (ఆయన ఎన్నడూ ప్రయత్నించలేదు.)

భానుమూర్తి గారు మిర్చిబజ్జీల పొట్లం కాగితం కూడా చదవందే పారేయరు. ఆ ప్రోగ్రాము ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచారు. తెర నిండా పిచ్చి గుర్తులు. వాటి నడుమ, ఎవరైనా చదువుకునేలా 'మాస్టర్ పాస్‌వర్డ్: నాగోల్123'. దాని కిందే అభిరామ్ రాసిన ఇంకో మెసేజీ: 'భాను సార్‌కి పది ఛాన్సులు. వాళ్లావిడ చనిపోయినప్పటి నుంచి మరిచిపోతున్నారు.'

ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నారు. మళ్లీ తుడుచుకున్నారు. తర్వాత పాస్‌వర్డ్ కొట్టారు. ఒంటిగంటా ఇరవైకి హాల్ టికెట్ వచ్చింది.

"నీ కడుపు సల్లగుండ సారూ!" అంటూ లచ్చమ్మ కూతుర్ని షేర్ ఆటో వైపు ఉరికించింది.

మర్నాడే డైరెక్టరు సంధ్యారాణి మేడమ్ అధ్యక్షతన విచారణ కమిటీ కూర్చుంది. చదవడం నేరమని తేలింది. అన్ని కంప్యూటర్ల నుంచి నోట్‌ప్యాడ్ తొలగించారు. కొత్త మనిషిని పెట్టి ప్రోగ్రామును కట్టుదిట్టం చేయించారు. మాస్టర్ పాస్‌వర్డ్ ఇప్పుడు అందరికీ నోటికొచ్చింది కనుక అదే ఉంచారు. ప్రోగ్రాములో దొరికిన ఏకైక భద్రతా లోపంగా ఆ పది ఛాన్సులను గుర్తించి, తీసేశారు.