బొంగరం ప్రొఫెషనల్ కాని వైనం

భవిష్యత్తును దాని మానాన దాన్ని వదిలేస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు. అది వచ్చేస్తుంది. ఎవరి అనుమతీ లేకుండా, ఒక పద్ధతీ పాడూ లేకుండా వచ్చి ఇంట్లో కూర్చుంటుంది. ఈ అరాచకాన్ని అరికట్టడానికే మా ఊళ్ళో క్రీడా భవిష్యత్తు అంచనా సంస్థను నెలకొల్పారు. పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని పెద్దలు అన్నారు. వాళ్ళు పుట్టేదాకా ఆగారు, పాపం. సంస్థ ఆగదు.

సంస్థ పని ఒక్కటే. హాకీ ఆడే పిల్లల్లో ఎవరు పెద్దయ్యాక ప్రొఫెషనల్ స్థాయికి, అంటే జీతమిచ్చి ఆడించే లీగ్‌కి చేరతారో, ఎవరు చేరరో ముందే తేల్చి చెప్పడం. ఇదివరకు ఈ పని కోచ్‌లు చేసేవాళ్ళు. వాళ్ళది మోటు పద్ధతి. పిల్లలు ఆడుతుంటే చూసేవాళ్ళు. ఇప్పుడు కోచ్‌కి అభిప్రాయం ఉండకూడదు. ఈల ఉండవచ్చు.

కార్యాలయం హాకీ మైదానం గోడకు ఆనుకునే ఉంది. గేటు మీద పెద్ద బోర్డు: "మా అంచనాల్లో ఇంతవరకు తేలిన తప్పులు: సున్నా." (నేను తల పండాక మనవరాలి పలక మీద అక్షరాలు దిద్దుకున్నాను. అప్పట్నుంచీ గోడ మీద ఏది కనబడినా వదలను. ఈ బోర్డును రెండుసార్లు చదివాను. రెండుసార్లూ సున్నాయే ఉంది.)

సున్నా ఊరికే రాలేదు. దాని వెనక శాస్త్రం ఉంది. సంస్థ దాదాపు ప్రతి పిల్లకీ "చేరదు" అని రాస్తుంది. చేరదు అని రాసిన పిల్లను లీగ్ క్లబ్బులు చూడవు. చూడవు కాబట్టి ఆ పిల్ల చేరదు. చేరదు కాబట్టి అంచనా నిజమవుతుంది. "చేరుతుంది" అని రాసింది ఒకే ఒక్క అమ్మాయికి. ఆ అమ్మాయి ముఖ్య అంచనాదారు గారి మేనకోడలు. (మేనకోడలని రాయలేదు, చేరుతుందని రాశారు. రెండింటికీ సంబంధం ఉందనుకోవడం మన బుద్ధి వంకర.)

నా మనవరాలిని అందరూ బొంగరం అంటారు. బంతిని స్టిక్‌కి అంటించుకున్నట్టు పెట్టుకుని గిర్రున తిరిగి ఎదుటివాళ్ళను దాటేస్తుంది. తిరిగి చూసేసరికి వాళ్ళు ఉన్నచోటే ఉంటారు, బంతి గోల్‌లో ఉంటుంది. దాని కోరిక పెద్దదేమీ కాదు. జెర్సీ వెనక పేరు కావాలి. మైదానంలో ఆడే పిల్లలకు నంబరు మాత్రమే ఉంటుంది. పేరు ఉండేది లీగ్‌లో జీతం తీసుకునేవాళ్ళకే. పిల్లల నంబర్లు కుట్టేది నేనే కాబట్టి, నా మిషను పక్కన కూర్చుని రోజూ ఇదే గొడవ.

"అమ్మమ్మా, నా పేరెప్పుడు కుడతావ్?"

"నీ వీపు ఇంకా చిన్నదే. పేరు పట్టదు."

"నంబరు పట్టిందిగా?"

"నంబరు ఎవరికైనా పడుతుంది తల్లీ. పేరుకి వీపొక్కటే చాలదు."

అంచనా రోజున దాన్ని నేనే తీసుకెళ్ళాను. దాని అమ్మ ఆసుపత్రిలో నర్సు, ఆరోజు డ్యూటీ. నాన్న బస్సు డ్రైవరు, బస్సుతో పాటు ఎక్కడో ఉన్నాడు. లోపల గదిలో గోడకు ఎత్తు కొలిచే పట్టీ, దాని పక్కన ముఖ్య అంచనాదారు. చల్లని మనిషి, మాట కూడా చల్లగానే ఉంటుంది. పిల్ల ఎంత ఎత్తు పెరుగుతుందో తెలియాలంటే తల్లిదండ్రులను కొలవాలని, వాళ్ళు రాకపోతే వచ్చిన పెద్దవాళ్ళను కొలవడం నియమమని చెప్పి నన్ను గోడకు నిలబెట్టాడు.

"కాస్త నిటారుగా నిలబడండమ్మా."

"ఇదే నిటారు బాబూ. నలభై ఏళ్ళుగా మిషను మీద వంగినదాన్ని. నా నడుముకి ఇంతకన్నా తెలీదు."

ఆయన రాసుకున్నాడు. రాసుకుంటూ నావైపు, పిల్లవైపు జాలిగా చూశాడు.

"మీ అమ్మాయి పెరుగుతుందమ్మా. కానీ తర్వాత తగ్గుతుంది."

"ఎప్పుడు తగ్గుతుంది?"

"మీ వయసుకి."

"అప్పటికి ఆట మానేసి ఉంటుంది కదా."

"ఎప్పుడు అన్న గడి మా దగ్గర లేదమ్మా. ఎంత అన్నదే ఉంది. పైగా మీ కుటుంబంలో నడుము వంగే లక్షణం కనబడుతోంది."

"హాకీ వంగే ఆడతారు కదా?"

"అది వేరే వంపు," అన్నాడు ఆయన, ఏమాత్రం తొణక్కుండా.

తర్వాత మైదానంలో పరిశీలన. ఇందుకోసం క్షేత్ర పరిశీలకుడని ఒక అధికారి ఉన్నాడు. గొడుగు కింద కుర్చీ వేయించుకుని, మైదానానికి వీపు పెట్టి, గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఆట చూస్తే కొందరు బాగా ఆడుతున్నట్టు అనిపిస్తుందనీ, దానివల్ల పక్షపాతం కలుగుతుందనీ, అందుకే పరిశీలకుడు ఆట చూడరాదని నియమం. ఆయన నియమం తప్పే మనిషి కాదు. కాకపోతే ఆటంటే ప్రాణం. పిల్లలు అరిచినప్పుడల్లా మెడ నరాలు బిగుసుకునేవి. చివరికి ఉండబట్టలేక, పక్కన నిలబడ్డ నన్ను అడిగాడు.

"ఏమైందమ్మా?"

"గోల్."

"ఎవరు?"

"మీరు చూడకూడదన్నారుగా బాబూ."

"చూడకూడదు. వినొచ్చు."

"మా బొంగరం. ముగ్గురిని దాటి కొట్టింది."

"ముగ్గురినా," అని ఆయన గోడకేసి చాలాసేపు చూశాడు. "ఎలా తిరిగింది? ఎడమవైపు నుంచా?"

"కుడివైపు నుంచి వెళ్ళి ఎడమకు తిరిగింది."

"అబ్బ," అన్నాడు గోడతో. తర్వాత తన కాగితం మీద "పరిశీలించడమైనది" అని రాసి సంతకం పెట్టాడు.

వారం తిరక్కుండానే కార్డు వచ్చింది. "ప్రొఫెషనల్ స్థాయికి చేరదు. కారణం: వంపు." బొంగరం దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"అయితే నేను చేరనా అమ్మమ్మా?"

"కార్డు అలా అంటోంది."

"ఆ కార్డు ఎప్పుడైనా హాకీ ఆడిందా?"

అది స్టిక్ తీసుకుని మైదానానికి వెళ్ళిపోయింది. నేను దారం ఎక్కించుకుని మిషను తొక్కాను. ఆరోజు కుట్టిన నంబర్లన్నీ కొంచెం వంకరగా వచ్చాయి. (కుటుంబ లక్షణం.)

ఇక్కడితో కథ అయిపోవాలి. సంస్థ లెక్క ప్రకారం అయిపోయింది కూడా. కానీ భవిష్యత్తు పెంకిది. లీగ్‌లో ఆడే ఒక క్లబ్బు మేనేజరు, ముఖ్య అంచనాదారు గారి మేనకోడలిని జట్టులో చేర్చుకోవడానికి మా ఊరు వచ్చాడు. సంతకాల గది కిటికీ మైదానంవైపు ఉంది. ఆయన బయటి ఊరి మనిషి, కిటికీలోంచి చూడకూడదని తెలియదు. చూశాడు. సంతకం పూర్తయ్యాక కిందికి దిగివచ్చి, నన్ను వెతుక్కుంటూ వచ్చాడు.

"ఏమ్మా, గిర్రున తిరిగే ఆ పిల్ల మీ పిల్లేనటగా. ఆ పిల్ల కూడా మాకు కావాలి."

"దానికి చేరదు అని రాశారు బాబూ."

"రాసిందాన్ని కాదమ్మా నేను అడిగింది. ఆడేదాన్ని."

ఆ కబురు అంది, మధ్యాహ్నం భోజనాలు కాకముందే ముఖ్య అంచనాదారు మా ఇంటికి వచ్చాడు. నా కత్తిరి, బట్ట ముక్కలు పక్కకు జరిపి మర్యాదగా కూర్చున్నాడు.

"మీ అమ్మాయి మీద మాకేం కోపం లేదమ్మా. ఆడుకోవచ్చు. చక్కగా ఆడుకోవచ్చు. గోల్ దగ్గరికి మాత్రం కొంచెం వెళ్ళకుండా చూడండి. ఆ మేనేజరు మనసు అదే మారుతుంది."

"గోల్ దగ్గరికి వెళ్ళకుండా హాకీ ఏం ఆడుతుంది నాయనా?"

"మధ్యలో ఆడొచ్చు. ఆరోగ్యానికి మంచిది."

"ఎందుకింత అవస్థ? కార్డు మార్చి రాస్తే పోలా?"

ఆయన మొహం వాడిపోయింది. ఎవరో పోయిన వార్త చెబుతున్నట్టు నెమ్మదిగా అన్నాడు: "బోర్డు మీద సున్నా ఉందమ్మా."

"నేను కుట్టుపనిదాన్ని బాబూ. కొలత తప్పితే జాకెట్టు విప్పి మళ్ళీ కుడతాను. మనిషిని కోయను."

"అదృష్టవంతులమ్మా," అన్నాడు ఆయన లేస్తూ. "మీకు బోర్డు లేదు."

బొంగరం క్లబ్బులో చేరింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్న సంస్థకు, ఆ కుందేలు నాలుగో కాలితో పరిగెడుతూ కనబడింది. అయినా సంస్థ బెదరలేదు. గేటు మీద ప్రకటన అంటించింది. నేను నిలబడి చదివాను. "ప్రొఫెషనల్ స్థాయికి చేరదని మేము నిర్ధారించిన క్రీడాకారిణి ఒకరు సదరు లీగ్‌లో చేరినందున, సదరు లీగ్ ప్రొఫెషనల్ స్థాయి కాదని తేలినది."

చక్కగా కుదిరిందని అందరూ అనుకున్నారు. మర్నాడు ఎవరో గుర్తుచేశారు. లీగ్ ప్రొఫెషనల్ కాకపోతే, చేరుతుందని రాసిన మేనకోడలు కూడా ప్రొఫెషనల్ స్థాయికి చేరనట్టే. అప్పుడు సున్నా పోయి ఒకటి అవుతుంది. ఒకే క్లబ్బు, ఒకే జట్టు. మేనకోడలికి అది ప్రొఫెషనల్ కావాలి, బొంగరానికి కాకూడదు. సంస్థ తలుపులు వేసుకుని సమావేశమైంది. లోపలినుంచి ఏ గొడవా వినబడలేదు. వాళ్ళెప్పుడూ గొడవపడరు.

పరిష్కారం దొరికింది. మేనకోడలు జట్టులో చేరిందే కానీ ఒక్కసారీ మైదానంలోకి దిగలేదు. బెంచీ మీదే ఉంటోంది. బొంగరం ఒక్కసారీ బెంచీ మీద కూర్చోలేదు. మైదానంలోనే ఉంటోంది. కాబట్టి కొత్త ప్రకటన: "మా సంస్థ అంచనా వేసిన క్రీడాకారిణుల విషయంలో, బెంచీ ప్రొఫెషనల్ స్థాయిగానూ, మైదానం ఔత్సాహిక స్థాయిగానూ పరిగణించబడును." (మిగతా ఆటగత్తెలు వేరే ఊళ్ళవాళ్ళు. వాళ్ళ ఊళ్ళలో ఇలాంటి సంస్థ లేదు. అందుకని వాళ్ళు ఆడుతూ కూడా ప్రొఫెషనల్‌గానే మిగిలిపోయారు, పాపం.)

క్లబ్బు అభ్యంతరం చెప్పలేదు. బెంచీ మీద గోళ్ళు కొరుక్కునే పిల్లకు జీతమిచ్చి, గోల్స్ కొట్టే పిల్ల జీతం మిగుల్చుకోమంటే ఎవరు మాత్రం వద్దంటారు? కిటికీలోంచి చూసిన మేనేజరే ఇప్పుడు నన్ను చూస్తే వంగి బూటు లేసు సర్దుకుంటాడు.

ఇందులో ఒక్క ప్రమాదం ఉంది. బొంగరం ఎప్పుడైనా పొరపాటున బెంచీ మీద కూర్చుంటే, ఆ క్షణాన ప్రొఫెషనల్ అయిపోతుంది. అందుకని సంస్థ మా ఊరి క్షేత్ర పరిశీలకుణ్ణి ప్రతి మ్యాచ్‌కీ పంపుతోంది. ఆయన మైదానానికి వీపు పెట్టి, బెంచీకి ఎదురుగా కూర్చుని, బొంగరం దానిమీద కూర్చోకుండా కాపలా కాస్తాడు. చేరదని తేల్చిన సంస్థే ఇప్పుడు దాన్ని ప్రతి మ్యాచూ మొదటినుంచి చివరిదాకా ఆడించి తీరుతోంది. ఇంతటి ప్రోత్సాహం ఏ పిల్లకూ దొరకలేదు.

మొన్నటి మ్యాచ్‌కి నేనూ వెళ్ళాను. ఆట సగంలో బొంగరం చీలమండ మడతపడింది. కుంటుకుంటూ గీత దాకా వచ్చింది. నేను నీళ్ళ సీసా అందించాను.

"అమ్మమ్మా, ఒక్క నిమిషం కూర్చుంటానే."

కోచ్ పరిశీలకుడివైపు చూశాడు. కోచ్‌కి అభిప్రాయం లేదు. మెడలో ఈల ఉంది, దాన్ని వేళ్ళతో తిప్పుతున్నాడు.

"వద్దు తల్లీ," అన్నాడు పరిశీలకుడు, నిజంగానే బాధపడుతూ. "కూర్చుంటే ప్రొఫెషనల్ అయిపోతావు. నిలబడే తాగు."

"కింద గడ్డి మీద కూర్చోనా?"

ఆయన పాపం ఆలోచించాడు. "గడ్డి గురించి నియమం ఇంకా రాలేదమ్మా. వచ్చేదాకా నిలబడు."

అది నా భుజం పట్టుకుని నిలబడి తాగింది. నా నడుము వంగి ఉండడం దానికి ఆ పూట పనికొచ్చింది, భుజం సరిగ్గా చేతికందింది. తాగి, సీసా నాకిచ్చి, మళ్ళీ దిగింది. కాసేపటికి జనం ఒక్కసారిగా లేచి అరిచారు. పరిశీలకుడి మెడ నరాలు బిగుసుకున్నాయి.

"కుడివైపు నుంచి వెళ్ళి," అన్నాను ఆయన అడగకముందే, "ఎడమకు తిరిగింది. కుంటి కాలి మీదే."

"అబ్బ," అన్నాడు ఆయన బెంచీతో.

నా వెనక వరసలో ఒకతను పక్కవాణ్ణి అడిగాడు, "ఎవర్రా ఆ పిల్ల? పేరేంటి?"

"ఏమో, వీపు మీద నంబరే ఉంది."

పేరున్న జెర్సీ బెంచీ మీద ఉంది. మేనకోడలి పేరు. దాన్ని కుట్టింది నేనే, పని కదా, అక్షరం అక్షరం కూడబలుక్కుని తిన్నగానే కుట్టాను. ఆ పిల్ల మంచిదే. కదలదు, మెదలదు. జట్టులో చేరినప్పట్నుంచీ వీపు బెంచీకి ఆనించే కూర్చుంది కాబట్టి, ఆ పేరును ఇంతవరకు నేను తప్ప ఎవరూ చదవలేదు.